వాతావరణ మార్పు మీద 30 సార్లు కూర్చున్నారు, దేశాలన్నీ ఒక్క మాట మీదికి ఎందుకు రావడం లేదు?

బొందివాగు ఒడ్డు (వరంగల్) | 2025 నవంబర్ 24, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మా ఇల్లు హంటర్ రోడ్డు వైపు, లోతట్టు కాలనీలో ఉంది. మొన్న అక్టోబర్ చివర్లో మొంథా తుపాను వానకు ఇంట్లోకి మళ్లీ నీళ్లొచ్చాయి. 2020లో ఒకసారి, 2023 జూలైలో ఒకసారి, ఇది మూడోసారి. ముందు గది గోడ మీద పాత నీటి చారలు రెండున్నాయి. ఎన్నిసార్లు రంగు వేయించినా పైకి తేలుతూనే ఉంటాయి. ఈసారి చార ఆ రెండింటి మధ్యన పడింది. బియ్యం డ్రమ్ము బోర్లా పడి బియ్యమంతా బురదలో కలిసింది. మూడు రోజులు ఇల్లంతా పులిసిన వాసన. మా పాప ఇంటర్ సెకండియర్. దాని రికార్డులు దండెం మీద బట్టల్లా ఆరేసుకున్నాం, ఆరిన తర్వాత చూస్తే ఇంకు కారి ఒక్క బొమ్మా మిగల్లేదు.

ఇల్లు కడుక్కుంటూనే టీవీలో వాతావరణ మార్పు మీద బ్రెజిల్‌లో పెట్టిన ఐక్యరాజ్యసమితి సమావేశం చూశాను. బెలెంలో జరిగింది, 30వ సమావేశమట. బొగ్గు, చమురు, గ్యాస్ నుంచి బయటపడే దారి ఒకటి రాసుకుందామని 80కి పైగా దేశాలు అడిగాయి. 22న చివరి కాగితం వచ్చింది, అందులో ఆ మాటే లేదు. అమెరికా అధికారిక బృందాన్నే పంపలేదు. అందరి ఇళ్లలోకీ నీళ్లొస్తున్నప్పుడు అందరూ కలవడం ఇంత కష్టమా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

ఫిజిక్స్ సార్ (హన్మకొండ) | నవంబర్ 24, రాత్రి 10:25

అమ్మా, పాప రికార్డుల సంగతి కాలేజీలో చెప్పండి, ల్యాబ్ వాళ్లు గడువు ఇస్తారు. నేను 30 ఏళ్లు ఆ పనే చేశాను.

మీ ప్రశ్నకు వస్తాను. ఈ సమావేశాలకు మూలమైన ఒప్పందం మీద 1992లో రియోలో సంతకాలు మొదలుపెట్టారు. బాధ్యత అందరిదీ, కానీ అందరి కొలతా ఒకటి కాదు అని అందులోనే ఉంది. 33 ఏళ్లుగా గొడవంతా ఆ కొలత దగ్గరే. 1997లో క్యోటోలో పాత పారిశ్రామిక దేశాలకు మాత్రమే, వేడి పెంచే వాయువులు ఎంత తగ్గించాలో లెక్కలు రాశారు. దానికి కొన్ని నెలల ముందే అమెరికా సెనేట్ 95–0 ఓట్లతో తీర్మానం చేసుకుంది, వర్ధమాన దేశాలకూ లెక్క రాయకపోతే సంతకం పెట్టొద్దని. క్యోటో ఒప్పందం వాళ్ల సెనేట్ గడప తొక్కలేదు. 2011లో కెనడా కూడా తప్పుకుంటానంది.

2015లో పారిస్‌లో పద్ధతి మార్చారు. ఎవరి లెక్క వాళ్లే రాసి తెచ్చుకోండి అన్నారు. అందుకే అన్ని దేశాలూ లోపలికి వచ్చాయి. అందుకే లెక్క తప్పినవాడిని నిలదీసే వీలు కూడా లేకుండా పోయింది. అమెరికా 2020లో బయటికి పోయి, 2021లో తిరిగొచ్చి, ఈ జనవరిలో మళ్లీ పోతున్నానని చెప్పింది.

ఇంకో చిక్కుంది. ఈ సమావేశాల్లో ఓటింగ్ ఉండదు. ఓటు ఎలా వేయాలనే నియమం మీదే మొదటినుంచీ ఒప్పుదల కుదరలేదు. అంటే సుమారు 200 దేశాలూ తలూపితేనే ఏ వాక్యమైనా నిలుస్తుంది. నలుగురు గట్టిగా అడ్డం తిరిగితే చాలు, ఆ వాక్యం పోతుంది.

కాజీపేట జంక్షన్ | నవంబర్ 24, రాత్రి 10:50

సార్ మీద గౌరవంతోనే అంటున్నా. హంటర్ రోడ్డులో నీళ్లు నిలవడానికి బెలెం దాకా పోనవసరం లేదు. నాలాల మీద ఇళ్లు కట్టాం, చెరువు నీళ్లు నిలిచే శిఖం భూముల్లో ప్లాట్లు చేశాం. వాగు పోయే దారి మూసి, ప్రపంచ దేశాలు కలవలేదని అనుకుంటే ఏం లాభం?

ఫిజిక్స్ సార్ | నవంబర్ 24, రాత్రి 11:05

బాబూ, నువ్వన్నది నిజమే, నాలాల గురించి నేనూ పదేళ్లుగా మొత్తుకుంటున్నాను. కానీ గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను మోస్తుంది. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ వానకే మోరంచపల్లి మునిగింది, హెలికాప్టర్లు వచ్చి జనాన్ని డాబాల మీది నుంచి దించాయి. మోరంచపల్లి పల్లెటూరు. అక్కడ ఏ నాలా మీద అపార్ట్‌మెంట్లు కట్టారు? రెండు తప్పులూ ఉన్నాయి. ఒకటి మన కార్పొరేషన్ చేతిలో ఉంది, రెండోది ఒక్కరి చేతిలో లేదు. ఈ అమ్మ అడిగింది రెండోదాని గురించి.

రెండో షిఫ్ట్ (గోదావరిఖని) | నవంబర్ 24, రాత్రి 11:55

ఇప్పుడే డ్యూటీ దిగి చదివాను. అక్కా, మీ ఇంటి సంగతి చదివితే బాధేసింది. కానీ ఆ బెలెం కాగితంలో మీరు వెతికిన మాట నా ఉద్యోగం గురించి. అందుకే రాయకుండా ఉండలేకపోతున్నా.

మా తాత తట్టా చెమ్మస్ (పార) పట్టి బాయిలో, అంటే భూమి లోపలి గనిలో, బొగ్గు నింపాడు. నాన్న ట్రామర్, బొగ్గు టబ్బులు తోసేవాడు. నేను ఓపెన్‌కాస్టులో డంపర్ నడుపుతా. సింగరేణిలో 1889 నుంచి బొగ్గు తీస్తున్నారు. మా ఊరి బడి, దవాఖాన, దసరాకు లాభాల వాటా రాగానే కళకళలాడే బట్టల దుకాణాలు అన్నీ ఆ బొగ్గు మీదే నిలబడ్డాయి. పక్కనే ఎన్టీపీసీ 2,600 మెగావాట్లు, దానికి తోడు కొత్తగా 1,600. మీ ఇంట్లో లైటు వెలిగినా, రైతు పొలంలో మోటారు తిరిగినా అందులో మా చెమట కొంత ఉంటుంది.

ఎండలు పెరగడం అబద్ధమని నేననను. మే నెలలో రామగుండం 46 దాటిన రోజున క్వారీ అడుగున డంపర్ ఆపి కిందికి దిగితే, నల్ల బెంచీ (మెట్టులా తవ్విన బొగ్గు పొర) మీది నుంచి సెగ మొహాన కొడుతుంది. నీళ్ల సీసా పది నిమిషాల్లో చాయ్‌లా అవుతుంది. వానాకాలం క్వారీలో నీళ్లు నిండి రోజుల తరబడి పని ఆగుతుంది. దెబ్బ మాకూ తగులుతోంది. కానీ 'బొగ్గు ఆపాలి' అని ఒక్క వాక్యంలో తేల్చేసేవాళ్లు ఆ తర్వాతి వాక్యం ఎప్పుడూ చెప్పరు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు ఉండేవాళ్లు, ఇప్పుడు 40 వేల దగ్గర ఉన్నాం. మిషన్లు వచ్చి తగ్గించాయి. అప్పుడు పని పోయినవాళ్ల పిల్లలు ఏమయ్యారో ఎవరూ రాసుకోలేదు.

లక్నవరం ఆయకట్టు (గోవిందరావుపేట) | నవంబర్ 25, ఉదయం 6:30

నేను ఎక్కువగా చదువుకోలేదు, తప్పుంటే దిద్దండి. సార్ చెప్పిన సమావేశం నాకు మా తైబందీ లాగే అనిపించింది.

పట్నంలో ఉండేవాళ్లకు తెలియదేమో, చెప్తా. యాసంగి మొదలయ్యే ముందు చెరువులో ఎన్ని అడుగుల నీళ్లున్నాయో చూసి, ఈసారి ఎన్ని ఎకరాలకు ఇవ్వొచ్చు, ఏ కాలువ కింద వరి, ఏ కాలువ కింద బీడు అని రైతులు, ఆఫీసర్లు కూర్చుని తేలుస్తారు. అదే తైబందీ. ఒక్కో ఏడు పొద్దున మొదలైతే పొద్దుగూకేదాకా తెగదు. తూము దగ్గరివాడు 'నా పొలం ముందు పారాలి' అంటాడు. చివరి ఆయకట్టువాడు 'పోయిన యాసంగి నేను ఎండబెట్టుకున్నా, ఈసారి నా వంతు' అంటాడు. రెండూ న్యాయమే. మా నాన్న చివరి మడుల రైతు. ఒక ఏడు తైబందీలో ఆయన లేచి, కండువా తీసి కింద పరిచి, 'నా కిందున్న నాలుగెకరాల వడ్లు ఎవరు కొలుస్తారో ఇందులో పోయండి, నేను బీడు పెడతా' అన్నాడు. ఒక్కరూ మాట్లాడలేదు. తర్వాత పై రైతులు మాట్లాడుకుని, వాళ్ల కింద ఆయనకు ఎకరంన్నర కౌలు లేకుండా ఇచ్చారు. ఆ ఏడు అలా గడిచింది.

మాకు అది ఎందుకు తెగుతుందంటే నాలుగు కారణాలున్నాయి అనుకుంటా. చెరువు కళ్లముందు ఉంది, నీళ్లు ఎన్నో అందరికీ కనిపిస్తాయి. రాత్రి తూము ఎత్తితే, నీళ్లు పంచే నీరటి పట్టుకుంటాడు. ఆ నీరటికి పంట మీద మేర (కూలి కింద వడ్ల వాటా) అందరమూ ఇచ్చేది. అన్నిటికంటే పెద్దది, ఈ ఏడు మోసం చేసినవాడు వచ్చే ఏడు అదే చెట్టు కింద, అదే మనుషుల ముందు కూర్చోవాలి. బిడ్డ పెళ్లికి వాళ్లనే పిలవాలి. ఈ దేశాలకు నీరటి ఎవరు? లెక్క తప్పితే ఎవరు అడుగుతారు?

ఫిజిక్స్ సార్ | నవంబర్ 25, ఉదయం 8:10

అన్నా, ఎక్కువ చదువుకోలేదని ఇంకెప్పుడూ అనకండి. నేను రాసిన దానికంటే మీరు రాసింది సూటిగా ఉంది.

ఒక్క తేడా మాత్రం చెప్పాలి. మీ చెరువు ఏటా నిండుతుంది, ఖాళీ అవుతుంది. పాత తగవు పాత నీళ్లతోనే పోతుంది. గాలిలోకి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌లో మంచి భాగం వందల ఏళ్లు ఉంటుంది. ఇంగ్లండులో మా ముత్తాతల కాలంలో కాలిన బొగ్గు పొగ కొంత ఇప్పటికీ మన నెత్తి మీద ఉంది. ఇంధనాలు కాల్చి ఇప్పటిదాకా లోకం వదిలిన మొత్తంలో అమెరికా ఒక్కదానిదే దాదాపు నాలుగో వంతు. మన వాటా 4 శాతం లోపే. మనిషి లెక్కన చూస్తే ఇవాళ్టికీ మనం ఏడాదికి 2 టన్నుల దగ్గర ఉన్నాం, అమెరికా 14 దగ్గర, చైనా 8 పైన. అంటే మీ తైబందీలో, 150 ఏళ్ల కింద ఎవరు ఎంత తోడుకున్నారనే లెక్క కూడా తేల్చాలి. తోడినవాళ్లు ఇప్పుడు లేరు, వాళ్లు కట్టిన ఇళ్లలో మనవలున్నారు.

గల్ఫ్‌లో జగిత్యాల | నవంబర్ 25, మధ్యాహ్నం 1:15

దుబాయ్ నుంచి రాస్తున్నా, షటరింగ్ పని. 11 ఏళ్లయింది. 2023లో 28వ సమావేశం ఇక్కడే జరిగింది. దానికి అధ్యక్షత వహించింది అబుదాబి చమురు కంపెనీ అధిపతే. ఆ కాగితంలోనే మొదటిసారి ఇలాంటి ఇంధనాల నుంచి దూరం జరగాలని రాశారు. ఆ మాట పడకుండా చూడమని చమురు దేశాల కూటమి పెద్ద తన సభ్యులకు ఉత్తరం రాశాడు. వాళ్లను తిట్టడం నాకు వీలుకాదు. వాళ్ల నూనె పైసలతోనే మా ఊళ్లో ఇల్లు కట్టుకున్నా, చెల్లె పెళ్లి చేశా.

ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా ఎండలో పని చేయించకూడదని చట్టం. 3 దాటాక ఇనుము పట్టుకుంటే గ్లౌజుల్లోంచి కాలుతుంది. పోయిన ఎండాకాలం మా రూంలో నిజామాబాద్ అన్న ఒకాయన పని మీదే కుప్పకూలాడు. మూత్రపిండాలు దెబ్బతిన్నాయన్నారు. ఇప్పుడు ఇంటి దగ్గరే ఉంటున్నాడు. నూనె అమ్మే దేశం, బొగ్గు తవ్వే అన్న, వాగు పక్కనున్న అక్క, ఎండలో నేను. ఈ వేడి పుట్టేదానిలోనే మా బువ్వ ఉంది. ఒక్కసారి పొమ్మంటే ఎవరు పోతారు?

సోలార్ లెక్క (కరీంనగర్) | నవంబర్ 25, సాయంత్రం 7:00

నేను సోలార్ ప్లాంట్లు డిజైన్ చేసే పనిలో ఉన్నా. అందరూ నిరాశగా రాస్తున్నారు, నేను వేరే మాట చెప్తా.

దేశాలు కలిసిన సందర్భం ఒకటుంది. ఓజోన్ పొర చిల్లు పడుతోందని 1987లో మాంట్రియల్‌లో ఒప్పందం చేసుకున్నారు. పాత ఫ్రిజ్‌లు, స్ప్రేలలో వాడే వాయువులు ఆపాలని. భారత్ మొదట చేరలేదు. కొత్త టెక్నాలజీకయ్యే ఖర్చు ఎవరు పెడతారని అడిగింది. 1990లో నిధి పెడతామని ఒప్పుకున్నాక 1992లో చేరింది. చేరని దేశాలతో ఆ సరుకు వ్యాపారం చేయకూడదనే షరతు కూడా ఉంది. లోకంలోని అన్ని దేశాలూ సంతకం పెట్టాయి, ఆ వాయువుల వాడకం 99 శాతం దాకా ఆగింది. లక్నవరం అన్న చెప్పిన మేర, నీరటి రెండూ అక్కడ ఉన్నాయి.

ఇక్కడ అది ఎందుకు కుదరడం లేదంటే, ఆ వాయువులు తయారు చేసే కంపెనీలు కొన్నే. వాటికి బదులు వేరేది దొరికింది. బొగ్గు, నూనె అలా కావు. ఇనుము, సిమెంటు, ఎరువు, బస్సు, బువ్వ అన్నిట్లోనూ అవే.

కానీ ఒప్పందాలు చేయలేని పని ధర చేసింది. 2000లో జర్మనీ సోలార్ కరెంటుకు ఎక్కువ రేటు ఇచ్చి కొనడం మొదలుపెట్టింది, తర్వాత చైనా పెద్ద పెద్ద ఫ్యాక్టరీలు పెట్టింది. 2010 తర్వాతి పదేళ్లలో ప్యానెల్ ధర పదో వంతుకు దగ్గరగా పడిపోయింది. ఎవరూ త్యాగం చేయలేదు, పోటీ పడ్డారంతే. 2022లో రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద 100 మెగావాట్ల తేలే సోలార్ వచ్చింది, 500 ఎకరాల నీళ్ల మీద. నేను చూడ్డానికి వెళ్లా. పడవలో ప్యానెళ్ల మధ్య నుంచి పోతుంటే వెనక చిమ్నీలు కనిపిస్తాయి. పాత కరెంటు, కొత్త కరెంటు ఒకే లైన్లోకి వెళ్తున్నాయి.

రెండో షిఫ్ట్ | నవంబర్ 26, రాత్రి 12:10

తమ్మీ, ఆ 100 మెగావాట్ల మీద ఎంతమంది పని చేస్తున్నారు? నేనూ చూశా. కట్టేటప్పుడు వందల మంది ఉన్నారు, కట్టాక కొద్దిమందే. మా ఒక్క ఓపెన్‌కాస్టులో షిఫ్టుకే అంతకంటే ఎన్నో రెట్లు ఉంటాం. ధర తగ్గిందంటే సంతోషమే. కానీ ఆ ధరలో మా జీతాలు లేవు.

సోలార్ లెక్క | నవంబర్ 26, ఉదయం 7:20

నిజమే అన్నా. దానికి నా దగ్గర సమాధానం లేదు. ఇంకో మాట కూడా ఒప్పుకుంటా. ప్యానెళ్ల తయారీలో 80 శాతానికి పైగా ఒక్క చైనా చేతిలోనే ఉంది. రేపు వాళ్లు ఇవ్వమంటే ఏం చేయాలనే భయం ప్రతి దేశానికీ ఉంది. ఆ భయంతోనే ఎవరి ఫ్యాక్టరీ వాళ్లు పెట్టుకుంటున్నారు.

నర్సంపేట మిర్చి | నవంబర్ 26, ఉదయం 9:00

ఆ భయం ఎలా ఉంటుందో మమ్మల్ని అడగండి. ఈ ఆగస్టులో యూరియా కోసం తెల్లవారుజామున 4 గంటలకే పోయి లైన్లో చెప్పులు పెట్టి వచ్చా. నా చెప్పుల ముందు 60 జతలున్నాయి. రెండు బస్తాలకు పట్టాదారు పాసుబుక్కు, ఆధార్. మూడు రోజులు తిరిగితే ఒక బస్తా దొరికింది. అప్పటికే మొక్కజొన్న పసుపు తిరిగింది. యూరియా గ్యాస్‌తో తయారవుతుందని, ఆ గ్యాస్ చాలావరకు బయటి నుంచే వస్తుందని, చైనా యూరియా ఎగుమతి బిగించిందని మా అబ్బాయి చెప్పాడు. 2022లో రష్యా గ్యాస్ తగ్గగానే జర్మనీ మూసిన బొగ్గు ప్లాంట్లు మళ్లీ తెరిచిందట. వాళ్లను తప్పుపట్టను. ఇంట్లో పిల్లలు చలికి వణుకుతుంటే ఎవరైనా పొయ్యి రాజేస్తారు. అయితే మనం తెరిస్తే మాత్రం ఎందుకు తప్పంటారు?

ఫిజిక్స్ సార్ | నవంబర్ 26, ఉదయం 10:15

2021లో గ్లాస్గో సమావేశంలో జరిగింది అదే. చివరి గంటలో బొగ్గును 'ఆపేయడం' అన్న మాట తీసి 'తగ్గించడం' అని మార్చమని భారత్ పట్టుపట్టింది, చైనా తోడైంది. సమావేశ అధ్యక్షుడు, బ్రిటన్‌కు చెందిన అలోక్ శర్మ వేదిక మీదే క్షమాపణ చెప్పి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ప్రపంచమంతా మనల్ని తప్పుపట్టింది. నూనె, గ్యాస్ పేరెత్తకుండా బొగ్గు ఒక్కదాన్నే ఎందుకు రాశారని అడిగినవాళ్లు తక్కువ. బొగ్గు మన దగ్గర ఉంది, నూనె గ్యాస్ వాళ్ల దగ్గర ఉన్నాయి.

అయినా ఒక మాట మనవాళ్లకూ చెప్పుకోవాలి. మనిషికి 2 టన్నులన్నది సగటు. నాలుగు ఏసీలు, రెండు కార్లున్న మా వీధి ఇంటిదీ, మోరంచపల్లి కూలి ఇంటిదీ కలిపి వేసిన సగటు. పేదవాడి తక్కువ లెక్క చూపి ఉన్నవాడు దాక్కోకూడదు.

రెండో షిఫ్ట్ | నవంబర్ 26, మధ్యాహ్నం 1:30

షిఫ్టుకు పోయే ముందు రాస్తున్నా. సార్, పైసల సంగతి చెప్పండి. ధనిక దేశాలు ఇస్తామన్నవి ఇచ్చాయా?

ఫిజిక్స్ సార్ | నవంబర్ 26, మధ్యాహ్నం 2:20

2009లో కోపెన్‌హాగెన్‌లో, 2020 కల్లా ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామన్నారు. వాళ్ల లెక్క ప్రకారమే ఆ మాట 2022లో నెరవేరింది. ప్రభుత్వాల నుంచి వచ్చిన దానిలో మూడింట రెండు వంతులు అప్పులే. నిరుడు బాకూ సమావేశంలో పేద దేశాలకు ఏటా 1.3 లక్షల కోట్ల డాలర్లు కావాలన్నారు, ధనిక దేశాలు 2035 నాటికి ఏటా 30,000 కోట్లు సమకూర్చే బాధ్యత తీసుకుంటామన్నాయి. అధ్యక్షుడు బల్ల మీద సుత్తి కొట్టి, అందరూ ఒప్పుకున్నట్టు ప్రకటించాకే మన ప్రతినిధికి మాట్లాడే అవకాశం దొరికింది. ఒప్పుకోవడం లేదని ఆమె చెప్పింది. దక్షిణాఫ్రికాకు బొగ్గు నుంచి బయటపడటానికి 2021లో 850 కోట్ల డాలర్లు ఇస్తామన్నారు, అందులోనూ ఎక్కువ అప్పే. ఈ మార్చిలో అమెరికా అందులోంచి తప్పుకుంది. అక్కడ కొమాటి అనే ప్లాంటు 2022 అక్టోబర్‌లో మూసేశారు. సోలార్, శిక్షణ కేంద్రం పెడతామన్నారు. పోయిన ఉద్యోగాలకు సరిపడా కొత్తవి రాలేదని అక్కడివాళ్లు ఇప్పటికీ అంటున్నారు.

లక్నవరం ఆయకట్టు | నవంబర్ 26, రాత్రి 8:00

మిత్తికి ఇచ్చి సాయమంటే ఎలా సార్? మా ఊళ్లో దాన్ని అప్పే అంటారు. మా నాన్న కండువా పరిచినప్పుడు పైరైతులు భూమి ఇచ్చారు. కౌలు రాసుకోలేదు.

బొందివాగు ఒడ్డు | నవంబర్ 26, రాత్రి 9:15

అందరి రాతలూ రెండుసార్లు చదివాను. నేను అడిగినప్పుడు నా మనసులో దోషులు ఎవరో ముందే ఉన్నారు. గోదావరిఖని అన్న రాసింది చదివాక అలా అనుకోలేకపోతున్నా. అన్నా, ఒక్క మాట. మీ బాయి మూసే రోజు వస్తే, ఏం ఇస్తే మీరు సంతకం పెడతారు? కోపంతో అడగడం లేదు, నిజంగా తెలుసుకోవాలని.

రెండో షిఫ్ట్ | నవంబర్ 27, రాత్రి 12:20

అక్కా, ఈ మాట ఇంతవరకూ నన్ను ఎవరూ అడగలేదు. షిఫ్టంతా ఇదే ఆలోచించా.

మూసే సంవత్సరం పదేళ్ల ముందే చెప్పాలి, చెప్పాక మార్చకూడదు. బాయి మూసే ముందే కొత్త పని మా ఊళ్లోనే మొదలవ్వాలి. హైదరాబాద్‌లో కాదు. దవాఖాన నడవాలి, మా నాన్నకు ఊపిరితిత్తుల మందులు అక్కడే వస్తాయి. పర్మినెంట్ వాళ్లనే కాదు, కాంట్రాక్టు కార్మికులనూ లెక్కలో రాయాలి. వాళ్ల పేర్లు ఏ జాబితాలోనూ ఉండవు. తవ్విన గుంతలు పూడ్చి, ఏ భూమి ఏ ఊరిదో ఆ ఊరికివ్వాలి. ఇవి రాసిస్తే నేను పెడతా. మా క్యాంటీన్‌లో నలుగురిని అడిగా, ముగ్గురు పెడతామన్నారు. నాలుగో అతను 'రాసిచ్చేది ఎవరు' అని అడిగాడు.

మా వాడు వచ్చే ఏడు పదో తరగతి అయిపోతాడు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్‌లో వేద్దామనుకుంటున్నా. సోలార్ తమ్మీ, నీ నంబరు నాకు మెసేజ్‌లో పెట్టు, ఏం నేర్పిస్తే నయమో అడుగుతా.

సోలార్ లెక్క | నవంబర్ 27, ఉదయం 7:05

పెట్టా అన్నా. ఆదివారం గోదావరిఖనికి వస్తున్నా, బాబును కూడా రమ్మనండి. తేలే ప్లాంటు దగ్గరికి తీసుకెళ్లడానికి అనుమతి అడిగి చూస్తా.